హాస్కెల్ రూల్ పుస్తకం కథ: కాగితం ఎక్కడ ఆగింది, కంపైలర్ ఎక్కడిదాకా పోయింది



పోస్ట్ పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి. ఈ గ్రూపులో ఇంజినీరింగ్, డిప్లొమా, బీసీఏ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. ప్రోగ్రామింగ్ అంటే మనకు సీ, జావా, పైథాన్. వాటిని ఎవరు తయారుచేశారు, వాటి రూల్స్ ఎవరు రాశారు అనేది సిలబస్‌లో ఉండదు. ఈసారి మేం హాస్కెల్ అనే భాష చరిత్ర రాస్తున్నాం. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కి పనికొస్తుందా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నాం, చాలా తక్కువ చోట్ల పనికొస్తుంది. అయినా ఎందుకు రాస్తున్నామంటే, ఒక భాషకు రూల్ పుస్తకం ఎలా పుడుతుంది, ఎలా దిద్దుకుంటారు, దిద్దడం ఆగిపోతే ఏమవుతుంది అన్నది ఈ భాష విషయంలో తేదీలతో సహా దొరుకుతుంది. చివర్లో మన లిపుల దగ్గరికీ వస్తాం. ఆ లంకె మేం అతికించింది అనుకోవద్దు, అది ఆ పుస్తకం రెండో అధ్యాయంలోనే ఉంది.

ముందు రెండు మాటలు తెలియనివాళ్ల కోసం. హాస్కెల్ ఫంక్షనల్ భాష. సీలో అయితే ఒక డబ్బాకు పేరు పెట్టి అందులో 5 వేస్తాం, తర్వాత తీసేసి 6 వేస్తాం. ఇక్కడ అలా కుదరదు. పేరుకు ఒకసారి విలువ కడితే కట్టినట్టే. ఫంక్షన్‌కు ఒకే ఇన్‌పుట్ ఎన్నిసార్లు ఇచ్చినా ఒకే జవాబు వస్తుంది, ఎక్సెల్ గడిలో రాసిన ఫార్ములా లాగ. ఇంకోటి, ఇది 'లేజీ' భాష. జవాబు అవసరం పడేదాకా లెక్క మొదలుపెట్టదు.

రెండో మాట: భాష వేరు, కంపైలర్ వేరు. కంపైలర్ అనేది ఎవరో రాసిన ఒక ప్రోగ్రామ్. భాష అంటే ఏ వాక్యం సరైనది, దాని అర్థమేంటి అని చెప్పే రూల్స్. ఆ రూల్స్ రాసిన కాగితాన్నే హాస్కెల్ వాళ్లు 'రిపోర్ట్' అంటారు. పోడు పట్టాల సంగతి తెలిసిన మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కాగితం మీద హద్దులు ఒకచోట ఉంటాయి, పొలంలో గట్టు ఇంకోచోట ఉంటుంది. రెండూ కలిసినంతకాలం ఎవరూ పెట్టె తెరిచి కాగితం తీయరు. తేడా వచ్చిన రోజే దాంతో పని.

1980లలో ఇలాంటి లేజీ ఫంక్షనల్ భాషలు డజనుకు పైగా ఉండేవి. ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోటి. అన్నీ దాదాపు ఒకలాంటివే, రాత మాత్రం వేరు. ఒకచోట రాసిన ప్రోగ్రామ్ ఇంకోచోట నడవదు. 1987 సెప్టెంబర్‌లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో జరిగిన సదస్సులో ఈ పరిశోధకులు కూర్చుని, అందరికీ కలిపి ఒక భాష ఉండాలని తీర్మానించారు. కమిటీ వేశారు. పాల్ హుడాక్, ఫిలిప్ వాడ్లర్, జాన్ హ్యూస్, సైమన్ పేటన్ జోన్స్ లాంటివాళ్లు అందులో ఉన్నారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎంఐటీలో ప్రొఫెసర్ అయిన అర్వింద్, రిషియూర్ నిఖిల్ పేర్లు కూడా రిపోర్ట్ రాసినవాళ్ల జాబితాలో కనిపిస్తాయి. రిపోర్ట్ ముందుమాటలో పెట్టుకున్న లక్ష్యాల్లో కొన్ని ఇవి: చదువు చెప్పడానికీ పరిశోధనకూ పెద్ద ప్రోగ్రామ్‌లకూ పనికిరావాలి, భాష మొత్తం నిఖార్సైన రూల్స్‌తో రాసి ఉండాలి, ఎవరైనా ఉచితంగా వాడుకోగలగాలి.

కొత్త భాష ఎందుకు, ఉన్నదాంట్లో మంచిది తీసుకోవచ్చు కదా అని ముందు ఆలోచించారు. అప్పటికి బాగా పేరున్నది డేవిడ్ టర్నర్ తయారుచేసిన మిరాండా. 1985లో వచ్చింది, కంపెనీ పెట్టి లైసెన్సు మీద అమ్మేవాడు. దీన్ని పునాదిగా వాడుకుంటాం అని కమిటీ అడిగింది. టర్నర్ ఒప్పుకోలేదు. మిరాండా వాడేవాళ్లందరికీ ఒకే భాష ఉండాలి, ఎక్కడ రాసిన ప్రోగ్రామ్ అయినా ఎక్కడైనా నడవాలి, నాలుగు రకాల మిరాండాలు పుట్టకూడదు అనేది ఆయన పట్టుదల. పైన చెప్పిన నలుగురూ కలిసి 2007లో రాసిన హాస్కెల్ చరిత్రలో ఈ సంగతి ఉంది. టర్నర్‌ను తప్పుపట్టలేం. కమిటీ కోరుకున్నదీ ఆయన కోరుకున్నదీ ఒకటే, అందరికీ ఒకే భాష. దారి మాత్రం వేరు. ఆయన దారిలో ఆ భాష ఒక చేతిలో ఉంటుంది. మిరాండా సోర్స్ కోడ్ అందరికీ ఉచితంగా బయటికొచ్చింది 2020లో. అప్పటికి దాన్ని వాడేవాళ్లు దాదాపు లేరు.

1988 జనవరిలో యేల్ యూనివర్సిటీలో కమిటీ కూర్చుంది. బోర్డు మీద పేర్లన్నీ రాసి, నచ్చనివి ఒక్కొక్కరూ కొట్టేసుకుంటూ పోతే చివరికి లాజిక్ శాస్త్రవేత్త హాస్కెల్ కరీ పేరు మిగిలింది. ఆయన 1982లోనే చనిపోయారు కాబట్టి హుడాక్, డేవిడ్ వైజ్ ఆయన భార్య వర్జీనియాను అనుమతి అడిగారు. ఆమె సరేనంది. తర్వాత ఒక మాట కూడా చెప్పింది, ఆయనకు హాస్కెల్ అనే పేరంటే ఎప్పుడూ ఇష్టం లేదని!

మొదటి రిపోర్ట్, అంటే హాస్కెల్ 1.0, 1990 ఏప్రిల్ 1న వచ్చింది. ఏప్రిల్ ఫూల్ రోజే, జోక్ మాత్రం కాదు. ఎడిటర్లు హుడాక్, వాడ్లర్. తర్వాత 1.1, 1992లో 1.2 వచ్చాయి. 1.2తో పాటే హుడాక్, ఫాసెల్ కలిసి నేర్చుకునేవాళ్ల కోసం ఒక పరిచయ పాఠం కూడా వేశారు. పేరులో 'జెంటిల్' అని ఉంటుంది. చదివినవాళ్లు ఇందులో సున్నితం ఎక్కడుందని నవ్వుకుంటారు. మేం కూడా నవ్వుకున్నాం, మూడో పేజీ దాటాక.

ఆ రిపోర్ట్ ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దీని మీదే ఆధారపడి ఉంది. భాషలోని ప్రతి ముక్కకూ ముందు వ్యాకరణం ఇస్తారు, ఏ గుర్తు తర్వాత ఏది రావాలని. తర్వాత మామూలు మాటల్లో వివరణ. ఆ తర్వాత చాలాచోట్ల 'ట్రాన్స్‌లేషన్' అని ఒక పెట్టె. ఈ వాక్యం రాస్తే, దాన్ని ఇంకా చిన్న భాషలోకి ఇలా మార్చుకుని అర్థం చేసుకో అని అందులో ఉంటుంది. దాన్ని ముందు పెట్టుకుని ఓపికున్నవాళ్లు ఎవరైనా కొత్త కంపైలర్ రాయొచ్చు, పాత కంపైలర్‌లో తప్పు పట్టొచ్చు. నిజంగానే చాలామంది రాశారు. గ్లాస్గోలో జీహెచ్‌సీ, స్వీడన్‌లో లెనార్ట్ అగస్ట్‌సన్ రాసిన హెచ్‌బీసీ, విద్యార్థులకు ఇష్టమైన హగ్స్, ఇంకా ఎన్‌హెచ్‌సీ. ఒకదాంట్లో నడిచి ఇంకోదాంట్లో నడవకపోతే అందరూ రిపోర్ట్ తీసి చూసేవాళ్లు.

1996లో వచ్చిన 1.3 పెద్ద మార్పు. తెరమీద ఒక అక్షరం ముద్రించడం, ఫైల్ చదవడం లాంటివి ఈ భాషలో ఎలా చేయాలి అన్నది మొదట్నుంచీ చిక్కే. విలువలు మారని భాషలో బయటి ప్రపంచాన్ని మార్చడం ఎట్లా? 1.0లో దానికి ఒక గజిబిజి పద్ధతి ఉండేది. 1.3లో అది తీసేసి మోనాడ్ అనే పద్ధతి పెట్టారు. ఈరోజు హాస్కెల్ అంటే అందరికీ గుర్తొచ్చేది అదే. మంచి మార్పు, అందులో అనుమానం లేదు. 1997లో 1.4 వచ్చింది. ఏడేళ్లలో ఇన్ని మార్పులు! పాఠం చెప్పే మాస్టారు పరిస్థితి ఆలోచించండి. ఈ ఏడాది రాసుకున్న నోట్స్ వచ్చే ఏడాదికి పనికిరాదు. పుస్తకం రాసేవాడు అచ్చయ్యేలోపు పాతబడిపోతాడు.

అందుకే 1997లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన హాస్కెల్ వర్క్‌షాప్‌లో, కదలకుండా నిలబడే ఒక రూపం కావాలని నిర్ణయించారు. దాని పేరు హాస్కెల్ 98. వచ్చింది మాత్రం 1999 ఫిబ్రవరిలో. ఇలాంటి ఆలస్యం మన పరీక్షల క్యాలెండర్‌లో మామూలే కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోవద్దు.

హాస్కెల్ 98లో చేసిన ఒక పని మాకు చాలా నచ్చింది. 1.4లో కొన్ని ఫంక్షన్లు అవసరానికి మించి సాధారణంగా ఉండేవి. ఉదాహరణకు 'మ్యాప్' అనేది జాబితాల మీదే కాక ఇంకా చాలా రకాల వాటి మీద పనిచేసేది. దాంతో కొత్తగా నేర్చుకునే విద్యార్థి చిన్న తప్పు చేసినా, వాడు ఎప్పుడూ వినని పదాలతో ఎర్రర్ వచ్చేది. 98లో దాన్ని జాబితాలకే పరిమితం చేసి, విస్తృతమైనదానికి 'ఎఫ్‌మ్యాప్' అని వేరే పేరు పెట్టారు. మోనాడ్‌లన్నింటికీ పనికొచ్చే కాంప్రిహెన్షన్ రాతను కూడా జాబితాల దాకా తగ్గించారు. శక్తి కొంత తగ్గినా మొదటి ఏడాది విద్యార్థి బతికిపోయాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, 2015 దగ్గర మళ్లీ వస్తుంది.

98 అచ్చయ్యాక కమిటీ పని అయిపోయింది, కమిటీ లేకుండా పోయింది. తర్వాత అసలు పని మొదలైంది. ఏడాది రెండేళ్లలో చదివినవాళ్లు తప్పులు పట్టడం మొదలుపెట్టారు. ఇక్కడ అచ్చుతప్పు, అక్కడ రెండర్థాలు, ఇంకోచోట రెండు అధ్యాయాలకు పొంతన లేదు. వాటిని సరిచేసే బాధ్యత పేటన్ జోన్స్ ఒక్కడే నెత్తినేసుకున్నాడు. అచ్చుతప్పులు దిద్దడం, అర్థంకాని చోట్ల విడమరచడం, రెండర్థాలుంటే ఒకటి తేల్చడం, భాష పొందిక కోసం తప్పనిసరైతే మాత్రం, అదీ మనసొప్పకుండానే, చిన్న మార్పు చేయడం. ఇవీ ఆయన పెట్టుకున్న హద్దులు. పని తాను అనుకున్నదానికంటే ఎంతో పెద్దదైందనీ, వందల చిన్న మార్పులు చేయాల్సి వచ్చిందనీ సవరించిన రిపోర్ట్ ముందుమాటలో ఆయనే రాసుకున్నాడు. కమిటీ లేదు కాబట్టి ప్రతి మార్పునూ హాస్కెల్ వాడేవాళ్లందరికీ మెయిల్‌లో పంపి, అభ్యంతరాలు విని, అప్పుడు చేర్చాడు. రాయ్ సెంటర్‌లో పెద్దలు అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించి తేల్చినట్టే, కాకపోతే ఇక్కడ ప్రతి మాటా రాతలో ఉండిపోయింది. నిజం చెప్పాలంటే ఈ మొత్తం చరిత్రలో మాకు ఎక్కువ గౌరవం కలిగింది ఈ మూడు నాలుగేళ్ల మీదే. కొత్త ఫీచర్ పెట్టినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. కామా సరిచేసినవాడి పేరు ఎవరికి తెలుస్తుంది?

సవరించిన రిపోర్ట్ 2002 డిసెంబర్‌లో పూర్తయి, 2003లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ పుస్తకంగా వచ్చింది. పుస్తకం అమ్ముతూనే, అదే పాఠం నెట్‌లో ఉచితంగా ఉండటానికి ఆ ప్రెస్ ఒప్పుకుంది. రిపోర్ట్ మొదట్లో ఉన్న అనుమతి సారాంశం ఇది: ఈ రిపోర్ట్ హాస్కెల్ సమాజం మొత్తానిది, ఎవరైనా ఏ పనికైనా కాపీ చేసి పంచుకోవచ్చు. మార్చి పంచుకోవచ్చు కూడా, అయితే ఇది మార్చిన ప్రతి, అసలు నిర్వచనం ఇది కాదు అని స్పష్టంగా చెప్పాలి. మన పాటలు, మన కథలు బయటివాళ్ల పుస్తకాల్లోకి వెళ్లి వాళ్ల కాపీరైట్ అయిపోవడం చూసిన మనకు ఈ రెండు వాక్యాలు ఎంత ఆలోచించి రాశారో తెలుస్తుంది.

2005లో ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో వర్క్‌షాప్ జరిగినప్పుడు, తర్వాతి రిపోర్ట్ కోసం 'హాస్కెల్ ప్రైమ్' అనే ప్రయత్నం మొదలైంది. ఐజాక్ జోన్స్, జాన్ లాంచ్‌బరీ ముందుండి నడిపారు. అప్పటికి కంపైలర్లలో, ముఖ్యంగా జీహెచ్‌సీలో, రిపోర్ట్‌లో లేని ఎక్స్‌టెన్షన్లు బోలెడు చేరాయి. వాటిలో మంచివన్నీ ఒకేసారి పుస్తకంలోకి తేవాలనేది ప్లాన్. ఒక చిక్కుముడి దగ్గర బండి ఆగింది. టైప్ క్లాస్‌లకు ఒకటికి మించి పారామీటర్లు ఇవ్వడం అందరికీ కావాలి. అది సరిగా పనిచేయాలంటే తోడుగా ఇంకో పద్ధతి ఉండాలి. పాత పద్ధతి 2000 నుంచి వాడుకలో ఉంది, కొత్తది 2005లోనే పుట్టింది. పాతది పుస్తకంలో రాసేస్తే రేపు కొత్తదే మేలని తేలొచ్చు, కొత్తది రాద్దామంటే ఇంకా అనుభవం లేదు. ఏళ్లు గడిచాయి.

అప్పుడు పద్ధతి మార్చారు. ఒకేసారి పెద్ద పుస్తకం వద్దు, ఏడాదికోసారి చిన్న సవరణ చేద్దాం, ఒప్పుకోలు కుదిరినవే చేర్చుదాం అని. అలా వచ్చిందే హాస్కెల్ 2010. ఎడిటర్ సైమన్ మార్లో. 2009 నవంబర్‌లో ప్రకటించి, 2010 జూలైలో విడుదల చేశారు. చేరినవి చాలావరకు అప్పటికే అందరూ వాడుతున్నవే. సీ భాష ఫంక్షన్లను పిలిచే పద్ధతి, చుక్కలతో పొడిగించే మాడ్యూల్ పేర్లు, ప్యాటర్న్ గార్డ్‌లు, ఫలానా ఎక్స్‌టెన్షన్ కావాలని ఫైల్ పైనే రాసుకునే ఏర్పాటు. ఒకటి తీసేశారు కూడా: 'ఎన్ ప్లస్ కె' ప్యాటర్న్. వచ్చిన సంఖ్యను ఎన్ ప్లస్ 1 రూపంలో చూసి, ఎన్ విలువను రాబట్టే రాత అది. గణితం పుస్తకంలో అందంగా ఉంటుంది, భాషలో మొదట్నుంచీ గొడవే.

ఏడాదికోసారి అన్నారు కదా. హాస్కెల్ 2011 రాలేదు. 2012 రాలేదు. 2016లో కొత్త కమిటీ వేసి, 2020కి రిపోర్ట్ తెస్తామని ప్రకటించారు. ఆ రిపోర్ట్ కూడా రాలేదు. పుస్తకం పరంగా హాస్కెల్ ఈరోజుకీ 2010 దగ్గరే ఉంది.

మరి భాష ఆగిందా అంటే లేదు. కంపైలర్ నడుస్తూనే ఉంది. కాగితానికీ గట్టుకూ తేడా ఎలా వచ్చిందో రెండు ఉదాహరణలు చూడండి. రిపోర్ట్ ప్రకారం మోనాడ్ సొంతంగా నిలబడే క్లాస్. మెక్‌బ్రైడ్, ప్యాటర్సన్ 2008లో అచ్చువేసిన వ్యాసంతో 'అప్లికేటివ్' అనే ఆలోచన బాగా వ్యాపించింది. ప్రతి మోనాడ్ ముందు అప్లికేటివ్ అయి తీరాలని గణితం చెప్తుంది. 2015లో జీహెచ్‌సీ 7.10 దీన్ని తప్పనిసరి చేసింది. గణితం పరంగా సరైన పనే. కానీ 2010 రిపోర్ట్ చూసి అక్షరం పొల్లుపోకుండా రాసిన మోనాడ్ ప్రోగ్రామ్ ఆ రోజు నుంచి కంపైల్ కాదు. అదే విడుదలలో 'లెంగ్త్' లాంటి ఫంక్షన్లను జాబితాల నుంచి ఇంకా చాలా రకాలకు విస్తరించారు. ఇప్పుడు రెండు విలువల జత ఇచ్చి లెంగ్త్ ఎంత అని అడిగితే 1 అని వస్తుంది! దాని వెనక లాజిక్ ఉంది, అడిగితే చెప్తారు. కానీ 98లో విద్యార్థి కోసం దించిన బరువును 2015లో మళ్లీ నెత్తికెత్తారు. పెద్ద పెద్ద ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లు మాతో ఒప్పుకోరు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. నేర్చుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం 98 వాళ్ల నిర్ణయమే మేలని మా అభిప్రాయం.

ఇది ఎవరికి తగులుతుందో చెప్పాలి. కంపెనీలో పనిచేసేవాడికి పక్క టేబుల్ మీద తెలిసినవాడు ఉంటాడు. హాస్టల్‌లో పాత పుస్తకం పీడీఎఫ్ పెట్టుకుని, సిగ్నల్ వచ్చినప్పుడు కంపైలర్ దించుకుని నేర్చుకునే పిల్లకు ఎవరూ ఉండరు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు టైప్ చేస్తుంది, ఎర్రర్ వస్తుంది. తప్పు తనదే అనుకుంటుంది. పుస్తకం తప్పు కాదు, పిల్ల తప్పు కాదు, కంపైలర్ కూడా చెడిపోలేదు. మధ్యలో ఉండాల్సిన కాగితాన్ని ఎవరూ దిద్దలేదు, అంతే. జీహెచ్‌సీ వాళ్లను ఒక విషయంలో మెచ్చుకోవాలి. మా కంపైలర్ రిపోర్ట్‌కు ఎక్కడెక్కడ తేడాగా నడుస్తుందో వాళ్ల యూజర్ గైడ్‌లో ఒక భాగంలో రాసిపెట్టారు. అది ఉందని తెలియాలి కదా, అది వేరే సంగతి.

దిద్దడం ఎందుకు ఆగింది? మాకు అర్థమైనంతలో రెండు కారణాలు. ఒకటి, మిగతా కంపైలర్లు తగ్గిపోయాయి. హగ్స్ చివరి విడుదల 2006లో. జనమంతా జీహెచ్‌సీ మీదే ఉంటే, అది చేసిందే రూల్ అన్నట్టు అవుతుంది. నలుగురి మధ్య తగువు తీర్చడానికి పుట్టిన కాగితం ఒక్కడే మిగిలితే ఎవరికి కావాలి? రెండోది, రాయడం కష్టం. కొత్త ఎక్స్‌టెన్షన్‌ను కంపైలర్‌లో పెట్టడానికి కుర్రాళ్లు ముందుకొస్తారు, దాని మీద రీసెర్చ్ పేపర్ వస్తుంది, పీహెచ్‌డీ వస్తుంది. అదే ఎక్స్‌టెన్షన్‌కు వ్యాకరణం, ట్రాన్స్‌లేషన్ పెట్టె, మిగతా అధ్యాయాలతో పొంతన చూసి రాస్తే ఏమీ రాదు.

2021లో జీహెచ్‌సీ 9.2తో 'జీహెచ్‌సీ2021' అని ఒకటి వచ్చింది, 2024లో 'జీహెచ్‌సీ2024' వచ్చింది. పేరు చూసి కొత్త రిపోర్ట్ అనుకునేరు. అవి ఎక్స్‌టెన్షన్ల జాబితాలు. ఇవన్నీ ఒకేసారి ఆన్ చేసి పెట్టండి అని కంపైలర్‌కు చెప్పే కట్ట. కమిటీ కూర్చుని ఓట్లు వేసి ఎంచిన మాట నిజమే. ఒక్కోదానికి యూజర్ గైడ్‌లో పేజీ ఉంటుంది, ఉదాహరణలతో బాగానే ఉంటుంది. కానీ దాన్ని ముందు పెట్టుకుని ఇంకో కంపైలర్ రాయాలంటే చాలదు.

ఇది హాస్కెల్ ఒక్కదాని కష్టం అనుకోవద్దు. స్కీమ్ అనే ఇంకో ఫంక్షనల్ భాష ఉంది. 1998 నాటి దాని ఐదో రిపోర్ట్ మొత్తం యాభై పేజీలే. 2007లో ఆరోది చాలా పెద్దదిగా వచ్చింది, ఓటింగ్‌లో నెగ్గింది, అయినా చాలామంది ఇది మా స్కీమ్ కాదని పక్కనపెట్టారు. చివరికి భాషను చిన్నది, పెద్దది అని రెండుగా విడదీసి, చిన్నదాన్ని 2013లో పూర్తిచేశారు. స్టాండర్డ్ ఎంఎల్ వాళ్లయితే 1990లో నిర్వచనం రాసి, 1997లో ఒకసారి దిద్ది, అక్కడే ఉంచేశారు. దాన్ని నమ్ముకుని ఇప్పటికీ నాలుగైదు కంపైలర్లు నడుస్తున్నాయి. ఏది మేలో మీరే ఆలోచించండి.

ఇక మన లిపుల సంగతి. రిపోర్ట్ రెండో అధ్యాయం అక్షరాల గురించి. హాస్కెల్ ప్రోగ్రామ్‌లో యూనికోడ్ అక్షరాలు వాడొచ్చని అందులో ఉంది. అంటే ప్రపంచంలో యూనికోడ్‌లో ఉన్న ఏ లిపైనా. బాగుంది. తర్వాత రూల్ వస్తుంది. చిన్నక్షరంతో మొదలైన పేరు వేరియబుల్. పెద్దక్షరంతో మొదలైతే అది టైప్ పేరో, కన్‌స్ట్రక్టర్ పేరో. ఇంగ్లిష్‌లో కేపిటల్, స్మాల్ ఉన్నాయి కాబట్టి తేలిపోతుంది. తెలుగులో ఉన్నాయా? గుంజాల గోండి లిపిలో ఉన్నాయా? మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. మసారం గోండి 2017లో, మంగేయి గొమాంగో 1936లో చేసిన సవర లిపి 2012లో వచ్చాయి. వీటిలో దేనికీ పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేదు. రెండూ కాని అక్షరంతో పేరు మొదలైతే ఏం చేయాలో రిపోర్ట్ చెప్పదు.

కాగితం మౌనంగా ఉన్నచోట కంపైలర్ తేల్చింది. అలాంటి అక్షరాలను జీహెచ్‌సీ చిన్నక్షరాల కింద లెక్కేస్తుంది. అంటే వేరియబుల్‌కు తెలుగు అక్షరంతో మొదలయ్యే పేరు పెట్టొచ్చు, టైప్‌కు పెట్టలేం. మన లిపిలో వస్తువుకు పేరుంటుంది, ఆ వస్తువు జాతికి పేరుండదు!

వింత ఏంటంటే, హో ఆదివాసీల వారంగ్ చితి లిపి 2014లో యూనికోడ్‌లోకి వచ్చినప్పుడు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు రెండూ ఉన్న లిపిగానే వచ్చింది. లాకో బోద్రా చేసిన లిపి అది. కాబట్టి రిపోర్ట్ రూల్ ప్రకారం వాళ్ల లిపికి రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. అమెరికా మూలవాసులైన చెరోకీల లిపిది ఇంకో కథ. మొదట్లో దాన్ని పెద్దా చిన్నా లేని లిపిగా చేర్చారు. 2015లో యూనికోడ్ దానికి చిన్నక్షరాలు కలిపి, పాత అక్షరాలను పెద్దక్షరాలుగా మార్చింది. కొత్త యూనికోడ్ వచ్చినప్పుడల్లా కంపైలర్లు దాన్ని వాడుకోవాలని రిపోర్ట్‌లోనే ఉంది. అంటే హాస్కెల్ రిపోర్ట్‌లో ఒక్క అక్షరం మారకుండానే, చెరోకీ లిపిలో నిన్న వేరియబుల్ అయిన పేరు రేపు కన్‌స్ట్రక్టర్ అయిపోతుంది.

దీన్ని సరిచేయడం కుదరని పని కాదు. జీహెచ్‌సీ ప్రతిపాదనల పద్ధతి అందరికీ తెరిచే ఉంది, ఎవరైనా రాసి పెట్టొచ్చు, కమిటీ చదివి చర్చిస్తుంది. ఆ నమూనా మేం చదివాం. ఎందుకు కావాలి, మార్పు ఖచ్చితంగా ఏంటి, ఉదాహరణలు, మిగతా భాష మీద ప్రభావం, ఖర్చులు, వేరే దారులు, తేలని ప్రశ్నలు అని భాగాలుంటాయి. మొదటి భాగం మనం ఒక సాయంత్రం కూర్చుంటే రాసేస్తాం. రెండో భాగం దగ్గరే మేం ఆగాం. పెద్దా చిన్నా లేని లిపిలో టైప్ పేరును ఏ గుర్తుతో పోల్చాలి? ముందు ఒక గుర్తు పెడదామంటే, ఉన్న గుర్తులన్నీ ఏదో ఒక పనికి ఇప్పటికే వాడేశారు. చైనీస్, అరబిక్, హిందీ రాసేవాళ్లకూ అదే గుర్తు కుదరాలి. పాత ప్రోగ్రామ్ ఒక్కటి కూడా చెడిపోకూడదు.

కంపైలర్ డిజైన్ సబ్జెక్ట్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు లెక్సర్ చాప్టర్ ఒకసారి తిరగేసి, ఏమైనా తోస్తే కింద రాయండి. గోండి, సవర, కోయ మాట్లాడే పెద్దవాళ్లను కూడా అడగండి, రాతలో మనుషుల పేరునూ గోత్రం పేరునూ వేరుచేసి చూపే గుర్తు ఏదైనా వాడుకలో ఉందేమో.